ఇంకొక్కటి బాబాయి కుడి కన్ను

మా పై వాటాలో ఉండే బాబాయిని అమ్మానాన్నలు పెట్టిన పేరుతో పిలిచేవాళ్లు ఈ వీధిలో ఒక్కరూ లేరు. గ్యాస్ బండ మోసుకొచ్చే అతని దగ్గర్నుంచి బడి హెడ్మాస్టరు దాకా అందరికీ ఆయన ఇంకొక్కటి బాబాయే. కెమెరా కంటికి ఆనించాడంటే చాలు, "ఇంకొక్కటి... ఒక్కటంటే ఒక్కటి..." అంటాడు. ఆ ఒక్కటీ పూర్తయ్యేలోపు, ఉయ్యాల్లో ఫోటోకి పడుకోబెట్టిన పిల్లకి పెళ్లీడు వచ్చేస్తుంది. నేను గోరంతని కొండంత చేస్తానని మా ఇంట్లోవాళ్లకి పెద్ద ఫిర్యాదు. కానీ ఈ ఒక్క విషయంలో మాత్రం తగ్గించే చెబుతున్నాను.

ఆయన ఊరికే సతాయించడు లెండి. మనం నవ్వీ నవ్వీ దవడలు లాగేసి, "ఇక చాలు దేవుడా" అని పోజు వదిలేస్తామే, సరిగ్గా అప్పుడు టక్కున నొక్కుతాడు. ఆ చివరిదాంట్లోనే మన అసలు మొహం ఉంటుంది. మా పెదనాన్న పుట్టి బుద్ధెరిగి నవ్విన మనిషి కాదు. ఆయన్ని కూడా అలాగే విసిగించి విసిగించి, చివరికి ఆయన "వీడి దుంపతెగ" అని పక్కకి తిరిగి ఫక్కుమన్నప్పుడు పట్టేశాడు. ఆ ఫోటో చూసి మా పెద్దమ్మ, "ఈయనెవరు? మనింటికి ఎప్పుడూ రాలేదే!" అంది.

బాబాయికి షాపు లేదు, బోర్డు లేదు, నెల జీతం అసలే లేదు. ఎవరు పిలిస్తే వాళ్ల దగ్గరికి సంచీ భుజాన వేసుకుని వెళ్లడమే. పొద్దున బడిలో గ్రూపు ఫోటో, మధ్యాహ్నం చెప్పుల షాపులో జోళ్ల ఫోటోలు, సాయంత్రం ఎవరి పాపదో పుట్టినరోజు. ఒకసారి పళ్ల డాక్టరు పిలిస్తే రోజంతా జనం నోళ్లలోకి లైటు పెట్టి పళ్ల ఫోటోలు తీశాడు. ఆ వారమంతా ఎవరు పలకరించినా మొహం మానేసి నోట్లోకే చూశాడు.

పని లేని రోజున డాబా ఎక్కుతాడు. అక్కడ రెండు సరదాలు. ఒకటి పిట్టలు. నీళ్ల ట్యాంకు మీద వాలే పావురాల్నీ, కేబుల్ తీగ మీద ఊగే పిచ్చుకల్నీ గంటల తరబడి తీస్తాడు. వాటికి కూడా "ఇంకొక్కటి" అని బతిమాలడం నా చెవులారా విన్నాను. రెండోది, పూర్వం చీకటి గదిలో ఫోటోలు కడిగే రోజుల్లో వాడిన వెడల్పాటి ట్రేలన్నీ డాబా మీద పరిచి పుదీనా, కొత్తిమీర పెంచడం. ఆ పుదీనా తింటే కడుపులో ఫోటోలు పడతాయని వీధిలో పుకారు లేవదీసింది ఎవరో మీరు అడగొద్దు, నేను చెప్పను.

ఇక ఆయన కన్ను సంగతి. ముప్పై ఏళ్లుగా కుడి కన్ను కెమెరాకి ఆనించి ఎడమ కన్ను మూసీ మూసీ, ఆయనకి అదే అలవాటైపోయింది. దేన్ని శ్రద్ధగా చూడాలన్నా ఎడమ కన్ను దానంతటదే మూసుకుంటుంది. కరెంటు బిల్లు చూసినా ఒంటి కన్నే, వంకాయల్లో పుచ్చు ఏరినా ఒంటి కన్నే. పిన్నితో పరిచయం కూడా అలాగే జరిగింది. అప్పట్లో పిన్ని కర్టెన్ల షాపులో కుట్టుపని చేసేది. కర్టెన్ల ఫోటోలు తీయడానికి వెళ్లిన ఈయన, కిటికీ పక్కన నిలబడ్డ ఆవిడని వెలుతురు ఎలా పడుతోందా అని ఎడమ కన్ను మూసి చూశాడట. ఆవిడ కన్ను కొట్టాడనుకుంది. బట్ట కొలిచే మీటరు కర్ర తీసుకుని వీధి చివరిదాకా తరిమింది. పిన్ని లెక్కలో అది వీధి చివర, నా లెక్కలో పక్క ఊరు. ఏమైతేనేం, ఆ కర్ర ఇప్పటికీ వాళ్లింట్లోనే ఉంది, ఆయనా అక్కడే ఉన్నాడు.

ఆ అన్నం పెట్టే కన్నే తేడా చేయడం మొదలుపెట్టింది.

నాకు మొదట అనుమానం వచ్చింది గుడ్లగూబ రోజున. బట్టలారేయడానికి డాబా ఎక్కితే, బాబాయి ఊపిరి బిగబట్టి, కెమెరాకి బారెడు గొట్టం తగిలించి, పిట్టగోడ వెనక నక్కి కూర్చున్నాడు.

"ష్! అడుగు తీసి అడుగు వేయకు. గుడ్లగూబ! పట్టపగలు తీగ మీద కూర్చుంది. పొద్దున్నించీ కదలడం లేదు, ఎంత బుద్ధిమంతురాలో చూడు."

చూశాను. తీగకి చిక్కుకున్న నల్ల ప్లాస్టిక్ కవరు అది. గాలికి రెండు చెవులూ ఊపుతోంది.

"బాబాయ్, అది గుడ్డు పెట్టినా పెడుతుంది, ఇక్కడే ఉండు," అని కిందికి వచ్చేశాను. ఏం చేయను, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత పిన్ని చెప్పింది. నల్లదారం తెమ్మంటే ముదురు నీలం తెస్తున్నాడట. ఒక కాలికి నల్ల మేజోడు, ఒక కాలికి నీలం మేజోడు తొడుక్కుని ఒకరి పెళ్లి రిసెప్షన్‌కి ఫోటోలు తీయడానికి వెళ్లొచ్చాడట. "డాక్టరుకి చూపిద్దాం రండి" అంటే ఇంటి పైకప్పు లేచిపోయేలా అరిచాడట. అరుపు నాకు కిందికి వినబడింది కాబట్టి ఇది పుకారు కాదు.

"నా కుడి కన్ను జోలికి ఎవరూ రావద్దు! ఆపరేషన్ అని కత్తి పెడితే, అది కొంచెం పక్కకి జారిందనుకో, నా బతుకు ఏమైపోవాలి? నాకేమన్నా ఆఫీసా, సెలవు పెట్టి ఇంట్లో కూర్చోడానికి? కన్ను పాడైన ఫోటోగ్రాఫర్ని ఎవడు పిలుస్తాడే?"

"ఇప్పుడు మాత్రం మేజోళ్లు చూసి పిలుస్తున్నారా?" అంది పిన్ని.

"మేజోళ్లు తప్పు కావచ్చు. నా ఫోటోలు తప్పయ్యాయా? ఒక్కళ్లన్నా పేరు పెట్టారా?"

అది మాత్రం నిజం. ఒక్కళ్లూ పేరు పెట్టలేదు.

ఇక్కడ ల్యాబు మావయ్య గురించి చెప్పాలి. మా సందు చివర ఫోటోలు ప్రింటు వేసే ల్యాబు ఆయనది. బాబాయిని "బావా" అంటాడు. ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు, మొహం మీద తిట్టుకోవడానికి వీలుగా ఉంటుందని కలుపుకున్నారంతే. బాబాయికి బావ అంటే మరి నాకు మావయ్యేగా. మావయ్య పొట్ట కౌంటరు దగ్గరికి ముందొస్తుంది, మావయ్య తర్వాత వస్తాడు. చేతిలో ఫోన్లు వచ్చాక జనం ఫోటోలు ప్రింటు వేయించుకోవడం మానేసి, మిగతా ల్యాబులన్నీ మూతపడి మొబైల్ కవర్ల షాపులైపోయాయి. మావయ్యది మాత్రం నిలబడింది. బాబాయి పట్టుదల వల్లే. ఎవరి పని ఒప్పుకున్నా సరే, "ఆల్బం వేయించుకుంటేనే వస్తాను. ఫోన్లో ఉన్నదాన్ని ఫోటో అనరు, గోడ మీద ఎండపొడ అంటారు" అని కచ్చితంగా చెప్పేవాడు. తీసిన ప్రతి ఫోటో మావయ్య మిషన్లోంచి బయటికి రావలసిందే.

ఆ ఏడు ఒక్క పని మాత్రం అలా రాలేదు. సోఫాల షావుకారు అని మెయిన్ రోడ్డులో పెద్ద ఫర్నిచర్ షాపు ఆయన. బాబాయికి ఏటా తప్పకుండా దొరికే పెద్ద పని ఆయనదే. షాపులో ఉన్న ప్రతి కుర్చీని, మంచాన్ని, సోఫాని ఫోటో తీస్తే మావయ్య ల్యాబులోనే పుస్తకంగా వేయించి పంచేవాడు. ఆ ఏడు ఆయన అల్లుడు, "ఇంకా పుస్తకాలేంటి మామగారూ, నేరుగా ఫోన్లోనే పెట్టేద్దాం" అన్నాడు. బాబాయి ఫోటోలు తీశాడు, ఇంట్లో కంప్యూటర్ ముందు ఎడమ కన్ను మూసుకుని కూర్చుని రంగులన్నీ సరిచేశాడు, పంపేశాడు.

వారం తిరక్కుండా షావుకారు కబురు పెట్టాడు.

"ఏమయ్యా, మీగడ రంగు సోఫా నీలంగా ఉందేమిటి? జనం వచ్చి నీలం సోఫా ఏదని అడుగుతున్నారు. లేదంటే మోసం అంటున్నారు. తెల్ల మంచం చూస్తే ఐసు గడ్డ మీద పరుపేసినట్టుంది. నిన్ను అనడానికి నాకు నోరు రావడం లేదు గానీ, మా అల్లుడు వేరే కుర్రాణ్ని చూశానంటున్నాడు."

"మీ తెర పాడైంది షావుకారుగారూ," అన్నాడు బాబాయి. "ఇదే ఫోటో కాగితం మీద వేయించి తెస్తాను. అప్పుడు మాట్లాడండి."

అలా ఫైలు పట్టుకుని ల్యాబుకి వచ్చాడు. నేనక్కడే ఉన్నాను. ఎందుకున్నావంటే, పాస్‌పోర్టు ఫోటోల కోసం. నాకు పాస్‌పోర్టు లేదనుకోండి, అయినా ఉన్నాను.

"బావా, ఈ సోఫా ఒక్కటి పెద్ద సైజులో వెయ్యి. షావుకారు కళ్లు తెరిపించాలి," అన్నాడు బాబాయి.

మావయ్య ఆ ఫోటోని కంప్యూటర్లో చూశాడు. మొహం పాలిపోయింది.

"ఇప్పుడు కాదు బావా. మిషన్ వేడెక్కింది."

"ఫ్యాను పెట్టు."

"పేపర్ అయిపోయింది."

"అదేంటి మరి, నీ మోచేతి కింద?"

"నువ్వు వెళ్లి టీ తాగిరా, ఈలోపు..."

"టీ వద్దు, నీ తద్దినం వద్దు! నా ముందే వెయ్యి. నేను ఎలా పంపానో అలాగే వెయ్యి."

మావయ్య నా వైపు చూశాడు. నేను గోడ మీద గడియారం వైపు చూశాను. ఆయన పెద్ద నిట్టూర్పు విడిచి మీట నొక్కాడు. మిషన్ గురగురమని సోఫాని బయటికి తోసింది. నీలం. సిరా ఒలికినంత నీలం కాదు గానీ, చలికి వణికిన మనిషి పెదాల నీలం. పక్కనున్న తెల్ల దిండ్లు కూడా అదే రంగు.

బాబాయి దాన్ని చేతిలోకి తీసుకుని, వెలుతురులోకి తిప్పి, ఎడమ కన్ను మూసి చూశాడు. మొహం మతాబాలా వెలిగిపోయింది.

"ఇదిగో! నేను చెప్పలా? మీగడంటే మీగడే! గరిటె పెట్టి తీసుకోవచ్చు!"

మావయ్య కౌంటరు చుట్టూ తిరిగి బయటికి వచ్చాడు. ఆ మనిషి కౌంటరు దాటి రావడం అంటే గుడి గోపురం నడిచి రావడమే.

"బావా," అన్నాడు మెల్లిగా, "కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూడు."

"ఎందుకూ?"

"చూడమన్నానుగా. నా మీద ఒట్టు."

ఎడమ కంటితో దేన్నైనా చూడాలంటే ఆ మనిషికి ఎంత కష్టమో! రెండూ కలిపి మూసుకుపోతున్నాయి. చివరికి కుడి కంటిని అరచేత్తో కప్పుకుని, ఎడమ కన్ను తెరిచాడు.

చూశాడు. చెయ్యి మార్చి కుడి కంటితో చూశాడు. మళ్లీ ఎడమ. మళ్లీ కుడి. ఆ సోఫా ఒక కంటికి మీగడ, ఒక కంటికి నీలం.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"రెండేళ్లు దాటింది. మొదట్లో కొంచెమే ఉండేది. రానురాను నీ పెళ్లికూతుళ్లందరూ నీళ్లలోంచి తీసినట్టు వస్తున్నారు. నేనిక్కడ నీలం తగ్గించి, పసుపు కలిపి వేస్తున్నాను."

"నా ఫోటోల మీద చెయ్యి వేశావా?" అన్నాడు బాబాయి. "నాకు చెప్పకుండా? ముప్పై ఏళ్ల స్నేహం అనుకున్నానే!"

"చెబితే కెమెరా అటక మీద పెట్టేసి కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలియదూ? పక్కన ల్యాబులన్నీ మూసుకుపోతుంటే నా షట్టర్ ఎవరివల్ల లేస్తోందో అది కూడా నాకు తెలుసు. ఆల్బం వేయించుకోకపోతే రానని ఎంతమందితో పోట్లాడావు? నేనేమన్నా నిన్ను అడిగానా? నువ్వు చెప్పావా? మరి నేనెందుకు చెప్పాలి?"

బాబాయి స్టూలు మీద కూలబడ్డాడు. కోపం ఎంతసేపు నిలుస్తుంది చెప్పండి అలాంటి మాట విన్నాక. చిన్నపిల్లాడిలా అడిగాడు:

"ఆపరేషన్ అంటారు. ఆ కన్ను పూర్తిగా పోతే?"

"పోతే నా కళ్లున్నాయి. రెండేళ్లుగా వాటితోనే కదూ చూస్తున్నావు, కొత్తేముంది? లే. స్కూటర్ తీస్తున్నా."

అలా మావయ్య స్కూటర్ మీద, ఆయన వీపుకీ స్టెప్నీకీ మధ్య ఇరుక్కుని, బాబాయి కంటి ఆసుపత్రికి వెళ్లాడు. దారిలో పిన్నిని కూడా ఎక్కించుకున్నారని నేను చెబితే మీరు నమ్మరు. ఆవిడ ఆటోలో వచ్చిందిలెండి.

డాక్టరమ్మ లైటు వేసి చూసింది. "రెండు కళ్లలోనూ శుక్లాలున్నాయి. ఎడమది ఇంకా లేతగా ఉంది, కుడిది బాగా ముదిరింది. ముదిరితే తెల్లనివన్నీ పసుపుగా కనబడతాయి. మీకేమో అవి తెల్లగా కనబడాలి, అందుకే నీలం కలుపుతూ పోయారు. అయినా ఒక కన్ను బాగానే ఉందిగా, రెండూ తెరిచి చూస్తే తేడా తెలిసేదే! ఎప్పుడూ తెరవలేదా?"

"వృత్తిధర్మం అండీ," అన్నాడు బాబాయి.

"వృత్తీ కాదు, ధర్మం కాదు," అంది పిన్ని. "నా మాట విన్నా, నేను ఆ మీటరు కర్రతో నాలుగు తగిలించినా అప్పుడే తెరిచేవారు."

ఆపరేషన్ రోజున ఆయన కంటే మేమే ఎక్కువ వణికాం. లోపలికి తీసుకెళ్తుంటే పిన్ని చెయ్యి పట్టుకుని, "ఒకవేళ తేడా వస్తే, ఆఖరిసారి చూసిన మొహం నీదే ఉండాలి, ఇటు తిరుగు" అన్నాడట. పిన్ని తిరగలేదట. "బయటికొచ్చాక చూద్దురుగాని" అందట. గోడ వైపు తిరిగి ఏడ్చిందని నర్సు నాతో చెప్పింది. నర్సు చెప్పకపోయినా నాకు తెలుసు.

మర్నాడు కట్టు విప్పారు. బాబాయి కుడి కన్ను మెల్లిగా తెరిచాడు. ఎదురుగా డాక్టరమ్మ కోటు.

"అమ్మో, ఇంత తెలుపా!" అన్నాడు. "మీరు ఏ సబ్బుతో ఉతుకుతారమ్మా?"

తర్వాత పిన్ని వైపు తిరిగాడు. ఎడమ కన్ను అలవాటుగా మూసుకుంది. చాలాసేపు చూశాడు.

"ఇంత తల నెరిసిందేమే? ఎప్పుడు?"

"మీరు ఒంటి కన్నుతో కాపురం చేస్తున్నప్పుడు."

ఇద్దరూ ఒకేసారి నవ్వి ఒకేసారి ముక్కు చీదుకున్నారు. ఇది ఆసుపత్రి అంతా చూసింది, అబద్ధమైతే అడగండి.

కంట్లో చుక్కలు వేయడం పిన్ని పని. సూదిలో దారం ఎక్కించే చెయ్యి కదా, ఒక్క చుక్క చెంప మీదికి జారితే ఒట్టు. డాక్టరమ్మ సరేనన్న రోజున బాబాయి కంప్యూటర్ ముందు కూర్చుని పాతవన్నీ తెరిచాడు. పుట్టినరోజు పాపలు, బడి పిల్లలు, పెళ్లికొడుకులు, అందరూ నీలం నీలం. ఒక్కొక్కటీ చూస్తూ పోయాడు. నేను పుదీనా కోసం వచ్చానని చెప్పి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇవన్నీ," అన్నాడు నాతో, "ఇన్ని మొహాలు! వాడు కూర్చుని ఒక్కొక్కటి బాగుచేశాడు. ఒక్క పిల్ల బుగ్గ రంగు తప్పలేదు. ఇళ్లలో ఆల్బంలు తెరిచి, భలే తీశావు బాబాయ్ అని నన్ను మెచ్చుకుంటుంటే వాడు పక్కనే టీ తాగుతూ కూర్చునేవాడు. ఒక్కసారన్నా నోరు జారలేదే!"

నాకే ఆ విషయం తెలిసుంటే రెండేళ్లు కాదు, రెండు నిమిషాలు ఆగేదాన్ని కాదు. మావయ్య మనిషి కాదు, ఇనప్పెట్టె.

షావుకారు పని బాబాయి మొదట్నుంచీ మళ్లీ చేశాడు. షాపుకి వెళ్లి, ప్రతి సోఫాని మళ్లీ తీసి, రెండు కళ్లూ తెరిచి రంగులు సరిచూసి పంపాడు. షావుకారు తెర మీద చూసి, అల్లుణ్ని చూసి, "ఆ కుర్రాడికి వేరే పని చూడు" అన్నాడు. ఆ మాటతో బాబాయికి సగం ప్రాణం లేచొచ్చింది. మిగతా సగం కోసం, ఆ మీగడ సోఫానే పెద్ద బొమ్మగా వేయించి షావుకారు షాపు గోడకి పెడదామని ల్యాబుకి బయల్దేరాడు. పిన్నీ వెళ్లింది, నేనూ వెళ్లాను.

మావయ్య మహదానందంగా మీట నొక్కాడు. మిషన్ గురగురమంది. సోఫా బయటికొచ్చింది.

పసుపు. ముద్ద పసుపు. మామిడిపండు రసంలో ముంచి ఆరేసినట్టుంది.

బాబాయి ఎడమ కన్ను మూశాడు, పసుపు. కుడి కన్ను మూశాడు, పసుపు. రెండూ తెరిచాడు, పసుపు. మెల్లిగా స్టూలు వెతుక్కుని కూర్చున్నాడు.

"అయిపోయిందే," అన్నాడు పిన్నితో. "మళ్లీ వచ్చేసింది. ఈసారి రెండు కళ్లకీ."

పిన్ని ఆ కాగితం లాక్కుని చూసింది. "నాకూ పసుపే కనబడుతోంది. నాకూ వచ్చిందా?"

"నాకూ," అన్నాను నేను.

మావయ్య కంప్యూటర్ వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, అరచేత్తో నుదురు బాదుకున్నాడు. ఆ చప్పుడు వీధి చివరికి వినబడింది.

"అలవాటు బావా, అలవాటు! నీ ఫైలు రాగానే నా చెయ్యి దానంతటదే నీ మీట నొక్కేసింది. నీకని ప్రత్యేకంగా ఒకటి పెట్టుకున్నాను. ఇది నొక్కితే నీలం తగ్గి పసుపు పెరుగుతుంది."

తెర మీద చూపించాడు. మీట కింద 'ఇంకొక్కటి' అని రాసుంది.

బాబాయి ఊపిరి పీల్చుకున్నాడు. ఆ ఊపిరికి కౌంటరు మీద కాగితాలన్నీ ఎగిరిపోయాయి. లేచి వెళ్లి మావయ్య భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఆ భుజాన్ని నొక్కుతూ ఉండిపోయాడు. నొక్కీ నొక్కీ ఆ చొక్కా నలిగిపోయింది.

"వదులు బావా, గిలిగింతలు పెడుతున్నాయి. ఇక దీంతో పనిలేదుగా, తీసేస్తున్నా," అంటూ మావయ్య ఆ మీటని చెరపబోయాడు.

"ఆగాగు!" అని బాబాయి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "అది అలాగే ఉండనీ. డాక్టరమ్మ చెప్పిందిగా, ఎడమ కన్ను లైన్లో ఉందట."